100 వాట్ల సెట్‌కి 30 డీబీ అటెన్యుయేటర్: పైన రాసిన వాట్లను ఎంతవరకు నమ్మొచ్చు?

కొత్తహామ్ (#1)
అందరికీ నమస్కారం. నా హామ్ రేడియో సెట్లు రెండు: హెచ్‌ఎఫ్ (30 మెగాహెర్ట్జ్ వరకు) సెట్ 100 వాట్లు, 2 మీటర్ల బ్యాండ్ (145 మెగాహెర్ట్జ్ దగ్గర) ఎఫ్‌ఎం సెట్ 50 వాట్లు. రెండింటి హార్మోనిక్స్‌నీ (అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతల దగ్గర వచ్చే అనవసర సిగ్నళ్లు) చేతిలో పట్టే చిన్న స్పెక్ట్రమ్ అనలైజర్‌తో చూడాలి. ఆన్‌లైన్‌లో "100 వాట్లు, 30 డీబీ, ఎన్-టైప్, 4 గిగాహెర్ట్జ్" అని రాసిన అటెన్యుయేటర్ (సిగ్నల్ పవర్‌ని తగ్గించే భాగం; 30 డీబీ అంటే వెయ్యో వంతుకు) ఒకటి చవగ్గా కనబడుతోంది. ఫొటోలో చూస్తే అరచేతిలో ఇమిడిపోయేట్టు ఉంది. దీనికి 100 వాట్లు ఇచ్చి పీటీటీ (ప్రసారం బటన్) నొక్కి పట్టుకుంటే తట్టుకుంటుందా? తర్వాత ఇంకో 20 డీబీ కలపాలంటే అది కూడా 100 వాట్లదే కొనాలా? లోపల మూడు రెసిస్టర్లే కదా, ఒక్కోదానికి 33 వాట్లు పడుతుందని లెక్కేసుకోవచ్చా?

బెంచ్‌మీద (#2)
చివరి ప్రశ్న నుంచే మొదలుపెడదాం, అసలు సంగతంతా అక్కడే ఉంది. మూడు రెసిస్టర్లూ వేడిని సమానంగా పంచుకోవు. 50 ఓమ్‌ల పై (π) ప్యాడ్‌లో, అంటే ఇన్‌పుట్, అవుట్‌పుట్ దగ్గర గ్రౌండ్‌కి ఒక్కోటి, మధ్యలో సిరీస్‌లో ఒకటి ఉండే అటెన్యుయేటర్‌లో, డీబీ ఎక్కువైతే ఇన్‌పుట్ వైపు గ్రౌండ్‌కి వెళ్లే రెసిస్టర్ మీదే భారం చాలావరకు పడుతుంది. 100 వాట్లు ఇచ్చినప్పుడు లెక్క ఇదీ:

3 డీబీ (292, 17.6, 292 ఓమ్‌లు): ఇన్‌పుట్ రెసిస్టర్ 17 వాట్లు, మధ్యది 24, అవుట్‌పుట్‌ది 8.6. బయటికి 50 వాట్లు.
10 డీబీ (96, 71, 96): 52, 33, 5.2. బయటికి 10.
20 డీబీ (61, 247.5, 61): 82, 16, 0.8. బయటికి 1.
30 డీబీ (53.3, 790, 53.3): 94, 6, పదో వంతు వాటు కూడా లేదు. బయటికి 0.1.

డీబీ పెరిగేకొద్దీ ఇన్‌పుట్ రెసిస్టర్ దాదాపు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టి పవర్‌ని వేడిగా మార్చే రెసిస్టర్) అయిపోతుంది. టీ (T) ప్యాడ్ (రెండు సిరీస్‌లో, వాటి మధ్య నుంచి ఒకటి గ్రౌండ్‌కి) అయినా ఇంతే, భారం ఇన్‌పుట్ వైపు సిరీస్ రెసిస్టర్ మీద పడుతుంది. లెక్క కావాలంటే, డీబీని 20తో భాగించి 10కి ఆ ఘాతం వేస్తే వచ్చే సంఖ్యను "కె" అనుకోండి. ఇన్‌పుట్ రెసిస్టర్ వాటా = (కె − 1) ÷ (కె + 1).

అంటే మీ 20 డీబీ ప్రశ్నకు కూడా జవాబు దొరికినట్టే. 100 వాట్లంటే +50 డీబీఎం (1 మిల్లీవాటుతో పోల్చి చెప్పే డీబీ). 30 డీబీ దాటాక +20 డీబీఎం, అంటే 100 మిల్లీవాట్లు. రెండోదానికి 2 వాట్ల ఎస్‌ఎంఏ (చిన్న సైజు కనెక్టర్) ప్యాడ్ చాలు, అది కూడా చల్లగానే ఉంటుంది.

సోల్డర్‌పొగ (#3)
#2 లెక్కకు ఒక్క షరతు. వరస మారకూడదు. పెద్దది సెట్ వైపు, చిన్నది అనలైజర్ వైపు. మొత్తం డీబీ ఎటు పెట్టినా ఒకటేగా అని 2 వాట్ల ప్యాడ్‌ని ముందు పెడితే, పీటీటీ నొక్కిన క్షణంలోనే దాని పని అయిపోతుంది.

ఇంకోటి, పెద్ద అటెన్యుయేటర్‌కి కూడా దిక్కు ఉంటుంది. 20, 30, 40 డీబీ పవర్ అటెన్యుయేటర్లలో చాలావరకు ఒకవైపు నుంచే వాడాలి. #2 లెక్క చూశారుగా, 30 డీబీలో అవుట్‌పుట్ రెసిస్టర్‌కి పదో వంతు వాటు కూడా రాదు. అందుకే తయారీదారు అక్కడ చిన్న చిప్ పెట్టి వదిలేస్తాడు. తిప్పి పెడితే ఆ చిప్ మీద 94 వాట్లు పడతాయి. బాడీ మీద "ఇన్‌పుట్" అనో బాణం గుర్తో ఉందేమో చూడండి. ఏదీ లేకపోతే రెండువైపులా వాడొచ్చని అర్థం కాదు. డేటాషీట్‌లో ఆ మాట స్పష్టంగా ఉంటేనే నమ్మండి.

మైక్రోవేవ్‌వాలా (#4)
100 వాట్లు అన్నది ఏ ఉష్ణోగ్రత దగ్గర? దీనికి జవాబు లేని వాట్ల అంకెకు విలువ లేదు. మామూలుగా 25 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత దగ్గర పూర్తి పవర్ ఇచ్చి, అక్కణ్నుంచి సరళరేఖలో తగ్గిస్తూ పోతారు. ఉదాహరణకు 25 దగ్గర 100 వాట్లు, 125 దగ్గర 10 వాట్లు అని ఉందనుకోండి. డిగ్రీకి 0.9 వాట్లు తగ్గుతుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల షెడ్డులో అది 82 వాట్లదే. మూసిన పెట్టెలో పెట్టి లోపల గాలి 60కి చేరితే 68 వాట్లకు దిగుతుంది.

విడి ఫ్లాంజ్ (హీట్‌సింక్‌కి బిగించే లోహపు పలక) రెసిస్టర్లూ, ఫ్లాంజ్ అటెన్యుయేటర్ చిప్పులూ వేరే పద్ధతి. వాటికి రాసేది పరిసర ఉష్ణోగ్రత కాదు, ఫ్లాంజ్ ఉష్ణోగ్రత. ఫ్లాంజ్‌ని 100 డిగ్రీలు దాటనివ్వకుండా ఉంచితేనే 250 వాట్లు, 150 దగ్గర సున్నా, ఇలా ఉంటుంది. ఆ 250ని అందుకునే పూచీ మొత్తం మీ హీట్‌సింక్‌దే. "250 వాట్ల రెసిస్టర్ కొన్నాను, 50 వాట్లకే పోయింది" అనే ఫిర్యాదుల్లో సగం ఇక్కడ పుట్టేవే.

వాట్‌మీటర్ (#5)
ఆ అరచేతి సైజు సరుకు సంగతి కొనకముందే తేల్చుకోవచ్చు. ఫ్యాన్ లేకుండా నిలువుగా పెట్టిన హీట్‌సింక్, గాలి ద్వారానూ రేడియేషన్ ద్వారానూ కలిపి, చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీకి సుమారు 10 వాట్లు వదిలించుకుంటుంది. బాడీ పరిసరాల కంటే 80 డిగ్రీలు ఎక్కువ వేడెక్కడానికి ఒప్పుకున్నా, 100 వాట్లకు 0.125 చదరపు మీటర్లు, అంటే 1250 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం కావాలి. ఫొటోలో ఇచ్చిన కొలతలతో రెక్కల రెండు ముఖాలూ కలిపి లెక్కేయండి. 300 వస్తే అది 24 వాట్ల సరుకు, దాని మీద ఏం రాసినా సరే. రెక్కలు మరీ దగ్గరగా ఉంటే మధ్యలో గాలి కదలదు కాబట్టి అదీ పూర్తిగా రాదు.

ఫ్యాన్ పెడితే కథ మారుతుంది. 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి రెక్కల మధ్యకు ఊదేట్టు పెట్టినా రెండు మూడింతలు తేడా వస్తుంది. కానీ డేటాషీట్‌లో ఫ్యాన్ ఊసు లేకుండా 100 వాట్లు రాసి, ఉపరితలం మాత్రం 24 వాట్లకే సరిపోతోందంటే, ఆ అమ్మకందారు రాసిన 4 గిగాహెర్ట్జ్‌ని కూడా నేనైతే నమ్మను.

కొత్తహామ్ (#6)
లెక్కేశాను, రెక్కలతో కలిపి 400 దాటడం లేదు. అయితే అరనిమిషం నొక్కి చూసి వదిలేస్తే? హార్మోనిక్ చూడ్డానికి అంతకన్నా ఎక్కువసేపు అక్కర్లేదు కదా.

మైక్రోవేవ్‌వాలా (#7)
హీట్‌సింక్ వరకైతే సరే. అల్యూమినియం గ్రాముకు, డిగ్రీకి 0.9 జౌళ్లు పట్టుకుంటుంది. కిలో బరువుంటే 100 వాట్లకు సెకనుకు 0.11 డిగ్రీ చొప్పున, 30 సెకన్లకు 3 డిగ్రీలే పెరుగుతుంది. మీది పావుకిలో ఉంటే 13 డిగ్రీలు. ఇందులో భయపడేదేం లేదు.

భయం లోపలి చిప్ గురించి. రెసిస్టివ్ ఫిల్మ్ అంటే సిరామిక్ పలక మీద అతి పల్చని పొర. దాని వేడి ఫ్లాంజ్ దాకా దిగే దారిలో పలక, సోల్డర్, పేస్ట్ ఉన్నాయి. ఆ దారికి తగ్గ ఉష్ణోగ్రత తేడా ఏర్పడ్డానికి అరనిమిషం ఆగక్కర్లేదు, సెకను లోపే వచ్చేస్తుంది. లోపల 30 వాట్ల చిప్ పెట్టి బయట 100 అని రాసుంటే హీట్‌సింక్ గోరువెచ్చగా ఉండగానే చిప్ పగులుతుంది. తక్కువసేపు నొక్కడమనేది హీట్‌సింక్ చిన్నదైతే కాపాడుతుంది గానీ చిప్ చిన్నదైతే కాపాడదు.

మెగాహెర్ట్జ్ (#8)
మోడ్ కూడా చూసుకోవాలి. ఎఫ్‌ఎంలో 50 వాట్లంటే నొక్కినంతసేపూ 50 వాట్లే. ఎస్‌ఎస్‌బీలో రెండు టోన్ల పరీక్షకు సగటు, పీఈపీలో (శిఖరం దగ్గరి పవర్) సగం. మాటలైతే ఇంకా తక్కువ. చాలా డిజిటల్ మోడ్‌లు ఎఫ్‌ఎం లాగే నిరంతరం ఉంటాయి. ఓఎఫ్‌డీఎం (ఒకేసారి చాలా క్యారియర్లు కలిపి పంపే పద్ధతి) లాంటి సిగ్నల్‌కి సగటు 10 వాట్లున్నా శిఖరాలు 10 డీబీ పైకి, అంటే 100 వాట్లకు పోతాయి.

డేటాషీట్‌లో సగటు పవర్, పీక్ పవర్ అని రెండు వేర్వేరు వరసలు ఉండేది అందుకే. సగటు అంటే వేడి పరిమితి. పీక్‌లో వోల్టేజ్ కూడా వస్తుంది. పాత హెచ్‌పీ 355 స్టెప్ అటెన్యుయేటర్లు సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి కదా, వాటి సగటు అర వాటు, పీక్ 350 వోల్టులు. డ్యూటీ సైకిల్ (మొత్తం సమయంలో పల్స్ ఉండే వంతు) తక్కువ కాబట్టి సగటు సరిపోయిందిలే అని పల్స్ పంపేముందు రెండో వరస కూడా చూడాలి. పీక్ ఎంతసేపటి పల్స్‌కి అన్నది కూడా అక్కడే రాసి ఉంటుంది. 5 మైక్రోసెకన్లకు ఇచ్చిన పీక్‌ని 5 మిల్లీసెకన్లకు వాడితే కుదరదు.

దీంట్లోనే ఇంకో చిక్కుంది. కొన్ని హెచ్‌ఎఫ్ సెట్లు పవర్ 10 వాట్లకు తగ్గించి పెట్టినా, ఏఎల్‌సీ (పవర్‌ని తనంతట తానే అదుపులో పెట్టే సర్క్యూట్) సర్దుకునే లోపు మొదటి కొన్ని మిల్లీసెకన్లు పూర్తి 100 వాట్లు వదులుతాయి. "10 వాట్లకే పెట్టాను, అయినా 10 వాట్ల ప్యాడ్ పోయింది" అంటే మొదటి అనుమానం దీని మీదే. అటెన్యుయేటర్‌ని సెట్ గరిష్ఠ పవర్‌కి తగ్గట్టే ఎంచుకోండి, నాబ్ చూపించే అంకెకు కాదు.

నూనెడబ్బా (#9)
ఇంతకీ 100 వాట్ల అటెన్యుయేటర్ ఎందుకండీ? మీ దగ్గర మంచి డమ్మీ లోడ్ ఉంటే లైన్‌కి ఒక ట్యాప్ చాలు. రెండు ఎన్-టైప్ సాకెట్ల మధ్య నేరుగా తీగ, దాన్నుంచి 820 ఓమ్‌లవి మూడు సిరీస్‌లో, చివర 51 ఓమ్‌లు గ్రౌండ్‌కి, అక్కణ్నుంచి అనలైజర్ కేబుల్‌కి బీఎన్‌సీ సాకెట్. అనలైజర్ 50 ఓమ్‌లు తగిలాక దాదాపు 40 డీబీ. 100 వాట్లు డమ్మీ లోడ్‌లోకి పోతాయి, 10 మిల్లీవాట్లు మీకు వస్తాయి. ఖర్చు రెసిస్టర్లకూ రేకు డబ్బాకే.

వాట్లు మాత్రం చూసుకోండి. 100 వాట్ల దగ్గర లైన్ మీద 70.7 వోల్టులు, ట్యాప్‌లో 28 మిల్లీయాంపులు, ఒక్కో 820లో 0.66 వాట్లు. పావు వాటువి, అర వాటువి పెట్టొద్దు, 2 వాట్ల మెటల్ ఫిల్మ్ పెట్టండి. వైర్‌వౌండ్ అసలు వద్దు, అది కాయిల్.

బెంచ్‌మీద (#10)
హెచ్‌ఎఫ్‌లో ట్యాప్‌ని మించింది లేదు, ఒప్పుకుంటా. కానీ ఆయన 2 మీటర్ల సెట్ కూడా చూడాలంటున్నారు. 145 మెగాహెర్ట్జ్ మూడో హార్మోనిక్ 435. 2460 ఓమ్‌ల గొలుసు పక్కన అర పికోఫారడ్ దారి తప్పినా 435 దగ్గర దాని రియాక్టెన్స్ 730 ఓమ్‌లే. ట్యాప్ అక్కడ 40 కాదు, 29కి దగ్గరగా ఉంటుంది. హార్మోనిక్‌ని ఉన్నదానికంటే 10 డీబీకి పైగా పెద్దగా చూపిస్తుంది, మీరేమో బాగున్న సెట్‌ని విప్పుకు కూర్చుంటారు. ఆ డమ్మీ లోడ్ 435 దగ్గర నిజంగా 50 ఓమ్‌లా అన్నది ఇంకో ప్రశ్న.

నూనెడబ్బా (#11)
అందుకే నానోవీఎన్‌ఏతో (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎన్ని డీబీ తగ్గుతోందో కొలిచే చిన్న పరికరం) ప్రతి హార్మోనిక్ దగ్గరా ట్యాప్‌ని కొలిచి రాసుకుని, ఆ తేడా తీసేస్తారు. 40 అని గుడ్డిగా అనుకుంటే ఎవరిది తప్పు? 😀 రేకు డబ్బాలో గొలుసుకీ బీఎన్‌సీకీ మధ్య ఒక అడ్డు రేకు సోల్డర్ చేసి, దాని కన్నంలోంచి చివరి తీగ దాటిస్తే ఆ దొంగదారి చాలావరకు మూసుకుంటుంది.

బెంచ్‌మీద (#12)
కొలిచి తేడా తీసేస్తే అభ్యంతరం లేదు. అయినా 2 మీటర్లకు నా ఓటు కొన్న అటెన్యుయేటర్‌కే. దాన్ని కూడా ముందు వీఎన్‌ఏ మీద పెట్టి 145, 290, 435 దగ్గర ఎంతుందో చూసుకోవాలి. 30నీ 20నీ విడివిడిగా కొలిచి కలపండి. రెండూ కలిపి 50 డీబీని ఒకేసారి కొలిస్తే పై ఫ్రీక్వెన్సీల్లో నానోవీఎన్‌ఏ నాయిస్‌కి దగ్గరవుతారు.

కొత్తహామ్ (#13)
సొంతంగా చేసుకునే పై ప్యాడ్ ఏదైనా చెప్తారా? హెచ్‌ఎఫ్ సెట్‌ని 25 వాట్లలో పెట్టి చూస్తాను.

సోల్డర్‌పొగ (#14)
20 డీబీ, 25 వాట్లు, 30 మెగాహెర్ట్జ్ వరకు:

ఇన్‌పుట్‌కి 680 ఓమ్‌లు, 3 వాట్లు, మెటల్ ఆక్సైడ్, పదకొండు పారలల్‌లో. 61.8 ఓమ్‌లు వస్తుంది. ఒక్కోదాని మీద 1.84 వాట్లు.
మధ్యలో 62 ఓమ్‌లు, 3 వాట్లవి నాలుగు సిరీస్‌లో. 248 ఓమ్‌లు. ఒక్కోదాని మీద 1 వాటు.
అవుట్‌పుట్‌కి 62 ఓమ్‌లు, 1 వాటు, ఒకటి. దాని మీద 0.2 వాట్లు.

లెక్కకు 19.96 డీబీ, ఇన్‌పుట్ 50.5 ఓమ్‌లు. మధ్యది 1 కిలోఓమ్‌వి నాలుగు పారలల్‌లో పెట్టినా 250 వస్తుంది గానీ అలా చేయొద్దు. పారలల్‌లో నాలుగింటి కెపాసిటెన్సూ కలిసి సిగ్నల్ పక్కదారిన దూకుతుంది. సిరీస్‌లో అది నాలుగో వంతవుతుంది. ఇన్‌పుట్ దగ్గర వ్యవహారం తలకిందులు: అక్కడ శత్రువు తీగల ఇండక్టెన్స్, కాబట్టి ఎన్ని పారలల్‌లో ఉంటే అంత మేలు. పదకొండింటినీ సాకెట్ చుట్టూ గుండ్రంగా, కాళ్లు కురచగా కోసి సోల్డర్ చేయండి. ఒకదాన్నొకటి తాకకూడదు, మధ్యలో గాలి ఆడాలి. డబ్బాకి కింద, పైన కన్నాలు పెట్టండి.

ఒక జాగ్రత్త. 25 వాట్లకు బయటికొచ్చేది పావు వాటు, +24 డీబీఎం. దీన్ని నేరుగా చిన్న అనలైజర్‌కి ఇవ్వకండి, ఇంకో 30 నుంచి 40 డీబీ కావాలి. #8లో చెప్పిన ఏఎల్‌సీ దూకుడు మీ సెట్‌లో ఉంటే ఆ మొదటి క్షణం 250 కాదు, 1000 మిల్లీవాట్లు వస్తుంది.

మైక్రోవేవ్‌వాలా (#15)
ఫ్లాంజ్ రెసిస్టర్‌తో పెద్దది చేద్దామనుకునేవాళ్లకు నాలుగు మాటలు. 100 వాట్లు, గది 40 డిగ్రీలు, ఫ్లాంజ్ 100 దాటకూడదు అంటే పేస్ట్‌తో కలిపి మొత్తం థర్మల్ రెసిస్టెన్స్ వాటుకు 0.6 డిగ్రీ లోపు ఉండాలి. ఫ్యాన్ లేకుండా ఇది కష్టం. పేస్ట్ పల్చగా రాయాలి, ఎక్కువైతే అదే అడ్డం. రెండు స్క్రూలనూ కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి బిగించాలి. ఒకవైపు పూర్తిగా బిగిస్తే ఫ్లాంజ్ వంగి, సిరామిక్ పగులుతుంది. రెసిస్టర్ ట్యాబ్‌ని (కనెక్షన్ పట్టీ) బిగుతుగా లాగి సోల్డర్ చేయకుండా చిన్న వంపు ఇవ్వండి, లేకపోతే వేడెక్కి చల్లారిన ప్రతిసారీ అతుకు లాగబడి ఒకరోజు ఊడుతుంది.

పాత సరుకులో సిరామిక్ బెరీలియం ఆక్సైడ్ అయ్యుండొచ్చు. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. గీకొద్దు, ఆకురాయి పెట్టొద్దు, పగిలిందాన్ని విప్పి చూడొద్దు. కొత్తవాటిలో అల్యూమినియం నైట్రైడ్ అని రాసినవి తీసుకోండి.

పెద్ద కంపెనీలు వేడిని పంచడానికి చేసే పని కూడా ఇక్కడ పనికొస్తుంది: మొదటి మెట్లు చిన్నవిగా పెట్టడం. 100 వాట్లను 1.25 డీబీ, 1.76 డీబీ, 3 డీబీ మెట్లు వరసగా దాటిస్తే ఒక్కోదాంట్లో 25 వాట్లు పోతాయి. మిగిలిన 25 వాట్లను 24 డీబీ మెట్టుకిస్తే మొత్తం 30 డీబీ. ఏ చిప్పూ 25 వాట్లు దాటదు.

వాట్‌మీటర్ (#16)
ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో హీట్‌సింక్ కొలిచేవాళ్లు మెరిసే అల్యూమినియం మీదకు గురిపెట్టకండి. 90 డిగ్రీలున్నా 45 అని చూపించగలదు. ఫ్లాంజ్ పక్కన నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి దానిమీద కొలవండి.

ఇదే అటెన్యుయేటర్‌తో పవర్ కూడా కొలుద్దామనుకుంటే వేడికి డీబీ కూడా జరుగుతుందని గుర్తుపెట్టుకోండి. తరచూ కనిపించే స్పెసిఫికేషన్, ఒక్కో డీబీకి ఒక్కో డిగ్రీకి 0.0004 డీబీ. 30 డీబీ ప్యాడ్ 50 డిగ్రీలు వేడెక్కితే 0.6 డీబీ. పవర్‌లో అది దాదాపు 15 శాతం. హార్మోనిక్స్‌కి ఇబ్బంది లేదు, ఫండమెంటల్‌తో (అసలు ఫ్రీక్వెన్సీ సిగ్నల్) పాటే జరుగుతాయి.

మెగాహెర్ట్జ్ (#17)
అవుట్‌పుట్ వైపు కేబుల్ ఊడిపోతే ఏమవుతుందని ఎవరూ అడగలేదు. 30 డీబీ అయితే ఏమీ కాదు, తిరిగొచ్చేది 60 డీబీ కింద. 10 డీబీ అయితే ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే నిష్పత్తి, 1 అంటే ఏమీ రానట్టు) 1.22. 3 డీబీ ప్యాడ్‌కి మాత్రం 3:1 అవుతుంది. 100 వాట్లిస్తే 50 దాటి వెళ్లి, మొత్తం వెనక్కొచ్చి, అందులో సగం మళ్లీ ప్యాడ్‌లోనే పోతుంది. 50 వాట్లు తట్టుకోవాల్సిన ప్యాడ్ 75 మోయాలి. చిన్న డీబీ ప్యాడ్‌ని పవర్ దగ్గర వాడేటప్పుడు ఈ లెక్క కూడా కలుపుకోండి.

అనలైజర్‌లో హార్మోనిక్ కనబడగానే సెట్‌ని తిట్టకండి. మధ్యలో ఇంకో 10 డీబీ పెట్టండి. రెండో హార్మోనిక్ కూడా 10 డీబీ తగ్గితే అది సెట్‌ది. 20 తగ్గితే అనలైజర్ మిక్సర్ తనే పుట్టించింది.

కొత్తహామ్ (#18)
ఆ అరచేతి సరుకు వద్దనుకున్నాను. హెచ్‌ఎఫ్‌కి #9 ట్యాప్, 2 మీటర్లకు సెకండ్‌హ్యాండ్‌లో పేరున్న 100 వాట్ల 30 డీబీ ఒకటి చూస్తున్నాను. ఇంతకుముందు ఎవరైనా కాల్చేశారో లేదో, అమ్మేవాడి దగ్గర మల్టీమీటర్‌తో తేల్చుకోవచ్చా?

సోల్డర్‌పొగ (#19)
చాలావరకు తేల్చుకోవచ్చు. మామూలు రెసిస్టివ్ ప్యాడ్‌కి, లోపల పై ఉన్నా టీ ఉన్నా, రెండో వైపు ఖాళీగా వదిలి ఒక వైపు మధ్య పిన్‌కీ బాడీకీ కొలిస్తే ఇవి రావాలి: 3 డీబీకి 150 ఓమ్‌లు, 6కి 83.5, 10కి 61, 20కి 51, 30కి 50.1. రెండువైపులా ఒకేలా రావాలి. మధ్య పిన్ నుంచి మధ్య పిన్‌కి 10 డీబీకి 52, 20కి 82, 30కి 94.

కాలిన ఫిల్మ్ సాధారణంగా పైకి పోతుంది. ఇన్‌పుట్ వైపు 50.1 బదులు 56, 60 చూపిస్తే ఎవరో దాన్ని వేధించారన్నమాట. అవుట్‌పుట్ వైపు మాత్రమే తేడా ఉంటే తిప్పి పెట్టి కాల్చారు. మీటర్ తీగల రెసిస్టెన్స్ ముందు కొలిచి తీసేయండి, చవక మీటర్లలో అర ఓమ్ అక్కడే పోతుంది. లోపల డీసీని ఆపే కెపాసిటర్ ఉన్న మోడల్ అయితే ఓపెన్ చూపిస్తుంది, అది కాలినట్టు కాదు, మోడల్ నంబర్ చూసుకోండి.

మైక్రోవేవ్‌వాలా (#20)
మీటర్ సరిగ్గా చూపించినా, చల్లగా ఉన్నప్పుడు కలిసి వేడెక్కాక విడిపోయే పగులు దానికి దొరకదు. వీలైతే 10 వాట్లతో మొదలుపెట్టి, ఐదు నిమిషాలు చూసి, 25, 50 అని ఎక్కించండి. ప్రతి మెట్టులో ఎస్‌డబ్ల్యూఆర్ మీద కన్నుంచండి. 1.1 నుంచి మెల్లగా 1.3కి పాకుతోందంటే అక్కడే ఆపేయాలి. అనలైజర్‌ని ఆ పరీక్షలో కలపొద్దు. ఇన్‌పుట్ రెసిస్టర్ తెగితే డీబీ తగ్గి అవుట్‌పుట్ ఒక్కసారిగా పెరుగుతుంది, 20 డీబీ పై ప్యాడ్‌లో అయితే నాలుగైదు డీబీ. ఆ వైపు 50 ఓమ్‌ల చిన్న లోడ్ పెట్టండి.

కొత్తహామ్ (#21)
మీటరూ, 50 ఓమ్‌ల లోడూ సంచిలో వేసుకున్నాను. #19లోని అంకెలు కాగితం మీద రాసుకుని ఆదివారం వెళ్తాను.